జెడ్/వీఎంలో పేజింగ్ పెరిగి లినక్స్ గెస్టులు నత్తనడక నడుస్తుంటే మెమరీ కొనాలా, డిస్కులు కలపాలా?

అడిగినవారు కావలిలో ఇంటి నుంచే ఒక అమెరికా క్లయింట్ మెయిన్‌ఫ్రేమ్ చూసుకుంటున్నారు. ఆయన చెప్పినదాన్ని క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. ఎల్‌పార్‌కు, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ సిస్టమ్‌కు కేటాయించిన భాగానికి, 64 జీబీ మెమరీ ఉంది. దాని మీద జెడ్/వీఎం 7.3 నడుస్తోంది, ఒకే యంత్రాన్ని చాలా వర్చువల్ యంత్రాలుగా, అంటే గెస్టులుగా, పంచే ఐబీఎం సాఫ్ట్‌వేర్ అది. లినక్స్ గెస్టులన్నిటి సైజు కలిపితే సుమారు 150 జీబీ. రోజూ మన టైం ఉదయం పదిన్నర కాగానే అప్లికేషన్లన్నీ ఒక్కసారిగా మందగిస్తాయి, అరగంటలో వాటంతటవే తేరుకుంటాయి. ఆ సమయంలో సీపీయూ 40 శాతం కూడా దాటదు, ఇండికేట్ లోడ్ కమాండ్‌లో పేజింగ్ (మెమరీ ముక్కలైన పేజీలను డిస్కుకు రాయడం, తిరిగి తేవడం) మాత్రం సెకనుకు వేలల్లో కనిపిస్తుంది. ఆ పేజీల కోసం డిస్కులో ఉంచిన చోటు, అంటే పేజ్ స్పేస్, వాడకం 76 శాతం. "మేనేజర్‌ని మెమరీ అడగమంటారా, పేజ్ డిస్కులు కలపమంటారా, పాత మాన్యువల్లో ఉన్న ఎక్స్‌పాండెడ్ స్టోరేజ్ పెట్టమంటారా?" అన్నది ఆయన ప్రశ్న.

సూటిగా చెప్తాను. ముందు పేజ్ వాల్యూములు (పేజింగ్‌కు వాడే డిస్కులు) కలపండి, అన్నీ ఒకే సైజువి. ఆ తర్వాత ఆ పదిన్నర గండానికి కారణమైన జాబులను విడగొట్టండి, గెస్టుల సైజు తగ్గించండి. మెమరీ మాట చివర్లో, అది కూడా చేతిలో అంకెలు ఉన్నప్పుడే. ఎక్స్‌పాండెడ్ స్టోరేజ్ (పేజింగ్ కోసం విడిగా పెట్టే మెమరీ) సంగతి మర్చిపోండి. 6.3 వచ్చినప్పుడే ఉన్నదంతా మామూలు మెమరీగా ఇచ్చేయమన్నారు, 6.4 నుంచి దానికి సపోర్టే తీసేశారు. మీరు చూసిన మాన్యువల్ అంతకు ముందుది.

ముందు డిస్కులు ఎందుకంటే, మీకున్న రెండు సమస్యల్లో మీరు అడిగింది చిన్నది. నెమ్మదితనం గురించి అడిగారు. నాకు భయం వేసింది 76 శాతం చూసి.

పేజ్ స్పేస్ నిండిపోతే సీపీ (జెడ్/వీఎంను నడిపే కంట్రోల్ ప్రోగ్రామ్) ఏం చేస్తుందో గుర్తు చేసుకోండి. మిగిలిన పేజీలను ప్రింట్, కన్సోల్ ఫైళ్ల కోసం ఉంచిన స్పూల్ స్పేస్‌లోకి తోయడం మొదలుపెడుతుంది. స్పూల్ కూడా నిండిందంటే ఇక పేజీ పెట్టడానికి చోటుండదు, పీజీటీ004 అబెండ్‌తో సిస్టమ్ మొత్తం కూలుతుంది. ఒక గెస్టు పోవడం కాదు, అన్ని గెస్టులూ ఒకేసారి పోతాయి. మీ దగ్గర ఉన్న పేజ్ స్పేస్ ఎంత? మీరు పంపిన ఔట్‌పుట్ ప్రకారం ఆరు మోడ్ 9 వాల్యూములు, ఒక మోడ్ 27. ఇవి 3390 రకం మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల సైజులు, వాటిలో ఒక సిలిండర్‌కు 180 పేజీలు పడతాయి. మోడ్ 9లో 10,017 సిలిండర్లు, అంటే దగ్గరదగ్గర 6.9 జీబీ. మోడ్ 27లో 32,760 సిలిండర్లు, సుమారు 22.5 జీబీ. మొత్తం కలిపినా 64 జీబీకి అటూ ఇటుగా వస్తుంది. గెస్టులకు మీరు మాటిచ్చిందేమో 150 జీబీ.

"150లో 64 మెమరీలో ఉంటుంది కదా, మిగతా 86కే కదా డిస్కులో చోటు కావాల్సింది" అని లెక్క వేయబోతారేమో. ఆ లెక్క చూసినా మీ 64 చాలదు. పైగా ఆ లెక్క పాత వెర్షన్లది. 6.3లో మెమరీ నిర్వహణను తిరగరాశారు. ఇప్పుడు సీపీ చాలా కాలంగా ముట్టుకోని పేజీలను, వాటి ఫ్రేమ్ (మెమరీలో పేజీ ఉండే చోటు) అవసరం పడకముందే, డిస్కుకు రాసి పెట్టుకుంటుంది. వాటిని ఎర్లీ రైట్స్ అంటారు. తిరిగి మెమరీలోకి తెచ్చుకున్న పేజీకి కూడా డిస్కులో ఉన్న కాపీని వెంటనే పారేయదు, దాన్ని కీప్‌స్లాట్ అంటారు. రెండూ మంచివే, పేజీ మారకపోతే మళ్లీ రాసే పని తప్పుతుంది. కానీ ఒకే పేజీ మెమరీలోనూ డిస్కులోనూ ఉండొచ్చు కాబట్టి మెమరీని తీసేసి లెక్కించడం కుదరదు. గెస్టుల సైజులన్నీ, వీడిస్కులన్నీ (మెమరీలోనే ఉండే వర్చువల్ డిస్కులు) కూడి, పేజ్ టేబుళ్ల కోసం పైన ఒక శాతం కలిపి, అంత చోటు ఉంచుకోవాలి. వీడిస్కులు మీరు చెప్పలేదు కాబట్టి వాటిని పక్కన పెట్టినా మీకు 152 జీబీ దాకా కావాలి. అన్నీ మోడ్ 9లు పెడితే 22 వాల్యూములకు పైనే.

అంత డిస్కు వెంటనే దొరక్కపోతే సెట్ ఏజ్‌లిస్ట్ కమాండ్‌తో ఎర్లీ రైట్స్, కీప్‌స్లాట్ రెండూ ఆపేసి కొంత ఊపిరి తీసుకోవచ్చు. అది తాత్కాలికం. ఆపి అలాగే వదిలేసిన సిస్టములు చూశాను, హఠాత్తుగా మెమరీ అవసరం పడిన రోజున ఫ్రేములు ఖాళీ చేయడానికి అప్పటికప్పుడు రాతలు మొదలై ఇంకా ఇబ్బంది పడ్డాయి.

ఇక నెమ్మదితనం. దాని జవాబు మీరు పంపిన క్వెరీ అలాక్ పేజ్ ఔట్‌పుట్‌లోనే ఉంది. మీరు కింద సమ్మరీ లైనులో ఉన్న 76 చూసి ఆగిపోయారు. పైన ఒక్కో వాల్యూమ్ లైను చూడండి. ఆరు మోడ్ 9లూ 96 నుంచి 99 శాతం మధ్య నిండి ఉన్నాయి. మోడ్ 27 ఒక్కటే 38 శాతం దగ్గరుంది. అంటే ఇప్పుడు కొత్తగా బయటికి వెళ్లే పేజీ దాదాపు ప్రతిదీ ఆ ఒక్క వాల్యూమ్‌కే పోతోంది. ఒక వాల్యూమ్‌కు, అలియాసులు (అదే డిస్కుకు అదనపు అడ్రసులు) లేకపోతే, ఒకసారికి ఒకే ఐఓ (చదవడం లేదా రాయడం) నడుస్తుంది. రైస్ మిల్లులో ఏడు లారీలుండి ఆరు లారీలు బస్తాలతో నిండి కదలకుండా నిలబడితే, ఏడో లారీ ఎంత పెద్దదైనా లోడింగ్ దగ్గర క్యూ తగ్గదు, మీ పరిస్థితి అది.

మీ సిస్టమ్‌కు ఈ మోడ్ 27 ఎవరో తర్వాత కలిపి ఉంటారు. చోటు తక్కువైందనగానే స్టోరేజ్ టీమ్ దగ్గర ఖాళీగా ఉన్న పెద్ద వాల్యూమ్ తెచ్చి తగిలించడం చాలాచోట్ల జరిగేదే. జీబీల లెక్కలో అది సరిపోతుంది. పేజింగ్‌కు కావాల్సింది జీబీలతో పాటు ఒకేసారి ఎన్ని ఐఓలు చేయగలం అన్నది. సీపీ పనిని వాల్యూముల మధ్య పంచాలని చూస్తుంది. సైజులు వేరువేరుగా ఉంటే చిన్నవి ముందు నిండిపోతాయి, భారమంతా పెద్దదాని మీద పడుతుంది.

నిండిపోవడంతో ఇంకో నష్టం ఉంది. సీపీ పేజీలను ఒక్కొక్కటిగా రాయదు, కొన్నిటిని కలిపి బ్లాకుగా ఒకే ఐఓలో రాస్తుంది, చదివేటప్పుడూ అంతే. దానికి డిస్కులో పక్కపక్కన ఖాళీ స్లాట్లు కావాలి. వాల్యూమ్ 99 శాతం నిండాక వరస ఖాళీలు దొరకవు, బ్లాకు చిన్నదైపోతుంది. అవే పేజీలకు ఎక్కువ ఐఓలు అవుతాయి. పేజ్ స్పేస్ వాడకం సగానికి మించకుండా చూసుకోమని పాత సిస్టమ్ ప్రోగ్రామర్లు చెప్పేది ఇందుకే. డిస్కు ఖరీదు చూసి చాలామంది ఈ మాట పట్టించుకోరు. నేను మాత్రం ఇప్పటికీ పాటిస్తాను.

నా మాట మీద నమ్మకంతో చేంజ్ టికెట్ వేయకండి, మీరే నిర్ధారించుకోండి. జెడ్/వీఎం పర్ఫార్మెన్స్ టూల్‌కిట్ ఉంటే ఆ అరగంటలో ఎఫ్‌సీఎక్స్ 109 స్క్రీన్ తెరవండి. ప్రతి పేజ్ వాల్యూమ్‌కు క్యూ పొడవు, ఒక పేజీకి పట్టే సర్వీస్ టైం, బ్లాక్ సైజు కనిపిస్తాయి. మోడ్ 27 వరసలో క్యూ పేరుకుని ఉంటే నా అనుమానం నిజం. అన్నిటిలోనూ క్యూ సమానంగా ఉండి రెస్పాన్స్ మాత్రం చెడిపోయి ఉంటే తప్పు వేరేచోట ఉంది. అవన్నీ ఒకే స్టోరేజ్ కంట్రోలర్‌లో ఒకే ర్యాంకు (డిస్కుల గుంపు) మీద కూర్చున్నాయేమో స్టోరేజ్ టీమ్‌ని అడగాలి. టూల్‌కిట్ లేకపోతే ఇండికేట్ క్యూస్ ఎక్స్‌ప్ కొన్ని సెకన్ల తేడాతో కొట్టి చూడండి, పీజీ స్టేటులో (పేజీ కోసం ఆగిన స్థితిలో) ఏ గెస్టులు పదేపదే కనిపిస్తున్నాయో తెలుస్తుంది.

ఇక్కడొక మాట. పేజింగ్ రేటు ఎక్కువగా ఉండటం అదే జబ్బు కాదు. ఇండికేట్ లోడ్‌లో కనిపించే ఒక్క అంకెలో చదవడం, రాయడం రెండూ కలిసి ఉంటాయి. రాతలు సీపీ తన తీరికలో చేసుకునే పని, డిస్కును అడ్డుకోనంతవరకు వాటివల్ల గెస్టుకు బాధ లేదు. చదవడం వేరు. ఎవరో ఒక గెస్టు ఆ పేజీ కావాలని ఆగి ఉంటేనే చదివేది. కాబట్టి ఎఫ్‌సీఎక్స్ 143లో రెండిటినీ విడదీసి చూడండి. ఎవరు ఆగుతున్నారో ఎఫ్‌సీఎక్స్ 114 చెప్తుంది. అందులో పేజ్ వెయిట్ కాలమ్ కాక అసింక్రనస్ పేజ్ వెయిట్ అని ఇంకొకటి ఉంటుంది. లినక్స్ గెస్టులకు ఆ రెండోదే ముఖ్యం. పేజీ లేదని సీపీ చెప్పగానే లినక్స్ ఆ ఒక్క ప్రాసెస్‌ను పక్కన పెట్టి మిగతావి నడిపించుకోగలదు, అందుకే దాని నిరీక్షణ అక్కడ నమోదవుతుంది. మొదటి కాలమ్ చూసి సున్నా ఉంది కదా, పేజింగ్ తప్పు లేదు అని తేల్చేసినవాళ్లతో నేను గంటలకొద్దీ కాల్స్‌లో వాదించాను.

వాల్యూములు కలిపేటప్పుడు గమనించాల్సినవి చెప్తాను.

కొత్త వాల్యూమును సీపీఎఫ్‌ఎంటీఎక్స్‌ఏతో ఫార్మాట్ చేసి, లేబుల్ ఇచ్చి, సిలిండర్ 0 వదిలేసి 1 నుంచి చివరిదాకా మొత్తం పేజ్‌గా అలాట్ చేయండి. ఆ కమాండ్ కొట్టేముందు క్వెరీ డాస్డీలో ఆ అడ్రస్ ఎవరిదో రెండుసార్లు చూడండి, అది తుడిచేశాక తిరిగి రాదు. పేజ్ వాల్యూములో స్పూల్ గాని మినీడిస్కులు (గెస్టులకు ఇచ్చే డిస్కు ముక్కలు) గాని కలపకండి. పేజింగ్ కోసం సీపీ నడిపే ఛానల్ ప్రోగ్రామ్ ఆ డిస్కు తనదొక్కడిదే అన్నట్టు పని చేస్తుంది, మధ్యలో వేరే ఐఓ దూరితే ఆ లాభం పోతుంది. ఆ తర్వాత డిఫైన్ సీపీఓన్డ్‌తో స్లాట్ ఇచ్చి, వాల్యూమును సిస్టమ్‌కు అటాచ్ చేస్తే చాలు, ఐపీఎల్ (సిస్టమ్ రీస్టార్ట్) అక్కర్లేదు. కానీ సిస్టమ్ కాన్ఫిగ్ ఫైల్లో కూడా అదే లైను రాయాలి. రాయకపోతే వచ్చే ఐపీఎల్‌లో మీ కొత్త వాల్యూములు కనిపించవు, అప్పటికి మీరు సెలవులో ఉంటారు.

మోడ్ 27ను ఏం చేయాలి? మోడ్ 9లు సరిపడా కలిపాక దాన్ని పేజ్ కోసం డ్రెయిన్ చేయండి. డ్రెయిన్ చేయగానే అందులోని పేజీలు వేరేచోటికి తరలిపోవు, కొత్తవి రావడం మాత్రమే ఆగుతుంది. పాతవి గెస్టులు లాగాఫ్ అయ్యేకొద్దీ, ఆ పేజీలు వదిలేసేకొద్దీ ఖాళీ అవుతాయి. నెలవారీ మెయింటెనెన్స్ ఐపీఎల్ ఉంటే అప్పుడు తీసేయడం సులువు. తొందరపడి కొత్తవి కలపకముందే డ్రెయిన్ చేయకండి, మీ మోడ్ 9లలో చోటు లేదు, నేరుగా స్పూల్‌లోకి పోతారు.

మీ స్టోరేజ్‌లో హైపర్‌పావ్ (అలియాసులు ఇచ్చే సదుపాయం) ఉంటే ఇంకో దారి కూడా ఉంది. 6.4 నుంచి పేజింగ్‌కు అలియాసులు వాడుకోవచ్చు. అలియాసులను సిస్టమ్‌కు అటాచ్ చేసి సెట్ పేజింగ్ అలియాస్ ఆన్ అంటే ఒకే వాల్యూమ్‌కు ఒకేసారి కొన్ని ఐఓలు వెళ్తాయి. వాల్యూములు వచ్చేదాకా ఇది మంచి ఉపశమనం. క్వెరీ పేజింగ్ కొట్టి ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడండి.

మన జిల్లాలో ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఒక విడి సలహా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండం అనగానే నెల్లూరైనా కావలైనా ముందు పోయేది కరెంటు, దాని వెంటే నెట్. ఫార్మాట్ మధ్యలో వీపీఎన్ తెగితే మీ యూజర్ డిస్కనెక్ట్ అయిన స్థితిలోకి వెళ్తుంది, డీఫాల్టుగా 15 నిమిషాల్లో తిరిగి రాకపోతే సీపీ దాన్ని లాగాఫ్ చేసేస్తుంది. కాబట్టి ఇలాంటి పని ఉన్న రోజు క్లయింట్ వైపు ఒకరిని ఆపరేటర్ కన్సోల్ దగ్గర ఉండమనండి, లేదా కనీసం ఫోన్ డేటా పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

ఇప్పుడు ఆ పదిన్నర సంగతి. మీ క్లయింట్ సెంట్రల్ టైంలో ఉంటే మన పదిన్నర వాళ్లకు వేసవిలో సరిగ్గా అర్ధరాత్రి. మీ గెస్టులన్నీ ఒకే మాస్టర్ ఇమేజ్ నుంచి క్లోన్ చేసినవని అన్నారు. అంటే లాగ్‌రొటేట్, బ్యాకప్ ఏజెంట్, సెక్యూరిటీ స్కాన్, అన్నిటి టైమర్లూ ఒకే నిమిషానికి పెట్టి ఉంటాయి. రాత్రంతా నిద్రపోతున్న టెస్ట్ గెస్టులు కూడా ఆ నిమిషానికి లేచి ఫైల్ సిస్టమ్ మొత్తం తిరుగుతాయి. డిస్కులోకి వెళ్లిపోయిన వాటి పేజీలన్నీ ఒక్కసారిగా వెనక్కి రావాలి, వాటికి చోటివ్వడానికి ప్రొడక్షన్ గెస్టుల పేజీలు బయటికి పోవాలి. అరగంటలో తేరుకుంటున్నాయంటే ఇదే అయ్యుండాలి. ఖాయం చేసుకోవాలంటే నవంబర్ మొదటి ఆదివారం తర్వాత చూడండి. అమెరికాలో గడియారాలు వెనక్కి జరుపుతారు. మీ సమస్య మన టైం పదకొండున్నరకు మారిందంటే అది క్లయింట్ గడియారాన్ని పట్టుకుని నడుస్తోందని అర్థం. అంతదాకా ఆగాల్సిన పని లేదనుకోండి, ఒక గెస్టులో క్రాన్‌ట్యాబ్, సిస్టమ్‌డీ టైమర్లు చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మందు కూడా చవకే. జాబులను గెస్టుల మధ్య రెండు మూడు గంటల మీద పరిచేయండి. సిస్టమ్‌డీ టైమర్లలో రాండమైజ్డ్ డిలే పెట్టే వీలుంది. ఒక క్లయింట్ దగ్గర మెమరీ కొనుగోలు ఆర్డర్ తయారై సంతకానికి వెళ్లే దశలో ఈ ఒక్క పని చేశాం. ఉదయపు ఫిర్యాదులు ఆగిపోయాయి, ఆర్డర్ పక్కకు పోయింది.

గెస్టుల సైజు గురించి రాస్తే చాలా ఉంది, అవసరమైనంత చెప్తాను. లినక్స్‌కు ఎంత మెమరీ ఇస్తే అంతా పేజ్ క్యాష్‌తో (చదివిన ఫైళ్ల కాపీలతో) నింపుకుంటుంది. విడి సర్వర్ మీద అది మంచి గుణం, ఖాళీగా పడి ఉన్న మెమరీ వల్ల ఎవరికీ లాభం లేదు కదా. జెడ్/వీఎం కింద అదే గుణం మీ కొంప ముంచుతుంది. ఆ క్యాష్ దేనికీ పనికిరాకపోయినా సీపీ దృష్టిలో అది గెస్టు వాడుతున్న పేజీయే, దాన్ని డిస్కుకు మోయాలి, మళ్లీ తేవాలి. 4 జీబీ చాలిన గెస్టుకు 16 ఇచ్చిన చోటల్లా ఈ మోత ఉంటుంది. అప్లికేషన్ టీమ్ "ఇంటెల్ సర్వర్లో 16 ఉండేది" అంటుంది. వాళ్లతో వాదించకుండా, ఫ్రీ కమాండ్‌లో క్యాష్ పోను నిజంగా వాడుతున్నది ఎంతో వారం రోజులు రాసుకుని చూపించండి. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పీక్ సమయంలో ఆ గెస్టు తన వీడిస్కు స్వాప్‌లోకి (లినక్స్ తన పేజీలను తోసే చోటులోకి) కాస్త మాత్రమే దిగే చోట ఆపండి. అలా కాస్త స్వాప్ వాడటం ఇక్కడ ఆరోగ్యమే.

గెస్టుల వివరాలుండే జెడ్/వీఎం డైరెక్టరీలో సైజు మార్చితే గెస్టును దింపి ఎక్కించాలి. దింపడానికి ఒప్పుకోకపోతే లినక్స్‌లో సీఎంఎం మాడ్యూల్ ఎక్కించి, అది వదలాల్సిన పేజీల సంఖ్య ఇవ్వండి. 2,62,144 పేజీలు అంటే ఒక జీబీ. గెస్టు నడుస్తుండగానే ఆ జీబీ సీపీకి తిరిగి వస్తుంది, తేడా వస్తే సున్నా రాసి వెనక్కి ఇచ్చేయొచ్చు.

జావా గెస్టుల దగ్గర మాత్రం నిదానంగా వెళ్లండి. గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీ ఏరివేత) జరిగిన ప్రతిసారీ హీప్‌లో, అంటే జావా వాడే మెమరీలో, బోలెడన్ని పేజీలను తాకుతుంది. హీప్ కన్నా గెస్టును చిన్నది చేస్తే అది స్వాప్‌లో కొట్టుకుంటుంది, మీకు పేజింగ్ తగ్గదు సరికదా రెండు చోట్లా మొదలవుతుంది. అక్కడ ముందు హీప్ తగ్గించమని అడగాలి, గెస్టు తర్వాత. డేటాబేస్ గెస్టులలో షేర్డ్ మెమరీ విషయంలోనూ అంతే.

వీడిస్కులు ఎంత ఉన్నాయో కూడా చూడండి. వీడిస్కు పేరుకు డిస్కే, ఉండేది సీపీ మెమరీలో. ఒకసారి రాసిన బ్లాకులు గెస్టు మర్చిపోయినా సీపీ మర్చిపోదు, అవీ పేజ్ స్పేస్‌లో చేరి కూర్చుంటాయి. ప్రతి గెస్టుకూ పెద్ద వీడిస్కు ఒకటి ఇవ్వడం కన్నా చిన్నది, దాని తర్వాత కొంచెం పెద్దది అని ప్రయారిటీలతో రెండు మూడు ఇవ్వండి. రెండోదాన్ని లినక్స్ ముట్టుకోవడం మొదలుపెట్టిందంటే ఆ గెస్టు సైజు నిజంగానే తక్కువైందని మీకు హెచ్చరిక అందినట్టే.

సెట్ రిజర్వ్‌డ్ (గెస్టుకు కొంత మెమరీ ఖాయం చేసే కమాండ్) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. టీసీపీఐపీ సర్వర్‌కు, ఒకటి రెండు కీలక గెస్టులకు పరవాలేదు. ముఖ్యమైనవే కదా అని పది గెస్టులకు పెడితే మిగిలిన కొద్ది ఫ్రేముల మీద మిగతా వాళ్లంతా పడి కొట్టుకుంటారు. పేజీలను మెమరీలో కట్టేసే లాక్ కమాండ్ జోలికి అసలు వెళ్లకండి.

ఇవన్నీ చేశాక కూడా పీక్ టైంలో అసింక్రనస్ పేజ్ వెయిట్ తగ్గకపోతే, డిస్కుల దగ్గర క్యూ లేకపోయినా చదివే రేటు ఎక్కువగానే ఉంటే, అప్పుడు మెమరీ నిజంగా చాలడం లేదు. ఆ రోజు మేనేజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇండికేట్ లోడ్ స్క్రీన్‌షాట్ పట్టుకెళ్లకండి. గెస్టుల సైజు ఎంత నుంచి ఎంతకు తగ్గించారు, ఏ ప్రొడక్షన్ గెస్టు ఎంత శాతం సమయం పేజీ కోసం ఆగుతోంది, అదే సమయంలో దాని యూజర్లకు రెస్పాన్స్ ఎంత చెడింది, ఈ మూడూ ఒక కాగితం మీద పెట్టండి.

వాల్యూములు కలిపిన మరుసటి రోజు, అదే పదిన్నరకు తీసిన ఎఫ్‌సీఎక్స్ 109, 114 రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. గెస్టుల పేర్లు, వాల్యూమ్ లేబుళ్లు మాత్రం మార్చి పెట్టండి, అవి క్లయింటువి.